అక్రిలిక్ నీళ్లకు బెంటోనైట్, పత్తి నీళ్లకు వేరే దారి: ఒక అద్దకం యూనిట్ కేస్ స్టడీ

అద్దకం యూనిట్లలో రంగునీళ్ల శుద్ధి నా పని. ఈ కేస్ నూలు అద్దే ఒక యూనిట్‌ది. అక్కడ రెండు విభాగాలు నడుస్తాయి. ఒకదాంట్లో అక్రిలిక్ నూలు, ఇంకోదాంట్లో పత్తి నూలు. రెండింటి నీళ్లూ ఒకే కాలువలో కలిసి ఒకే ట్యాంకులో పడేవి. అందులో సున్నం, పటిక వేసి, పైకి తేరిన నీళ్లను బ్యాక్టీరియా ట్యాంకుకు పంపేవారు. ఇంత చేసినా చివర్లో బయటికొచ్చే నీళ్లు ఎప్పుడూ ఏదో ఒక రంగులోనే ఉండేవి. స్లడ్జ్, అంటే శుద్ధిలో అడుగున మిగిలే బురద, మాత్రం గుట్టలుగా పేరుకునేది. బ్యాక్టీరియా ట్యాంకూ నిలకడగా పనిచేసేది కాదు. కొన్నాళ్లు బాగుంటే ఉన్నట్టుండి నురగ, ఆ వెంటనే వాసన.

నన్ను పిలిచేనాటికే యాజమాన్యం బెంటోనైట్ అనే మట్టి వాడాలని నిర్ణయించేసుకుంది. ఎవరో వచ్చి గాజు బీకరులో మిథిలీన్ బ్లూ అనే నీలి రంగు కలిపి, అందులో కాస్త బెంటోనైట్ పొడి వేసి తిప్పి, నిమిషాల్లో నీళ్లు తేటపడటం చూపించారట. అందులో మోసమేమీ లేదు, నిజంగానే అలా జరుగుతుంది. కాకపోతే మిథిలీన్ బ్లూను బెంటోనైట్ ఎంత గట్టిగా పట్టుకుంటుందంటే, మట్టి నాణ్యతను కొలవడానికే ఆ రంగును వాడతారు. ఆ ఒక్క రంగును పట్టుకున్నంత మాత్రాన కాలువలో పారే నీళ్లలోని రంగులన్నిటినీ పట్టుకుంటుందని అనుకోలేం. డోస్ ఎంతో చెప్పమని నన్ను అడిగారు. ఏ నీళ్లకు అని నేను తిరిగి అడిగాను. ఈ కేస్‌లో తర్వాత జరిగిందంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

కాలువలో కలిసిన రెండు నీళ్లు

అక్రిలిక్ నూలుకు వాడేవి బేసిక్ రంగులు. నీళ్లలో కరిగినప్పుడు వీటిలో రంగునిచ్చే భాగం ధనావేశంతో ఉంటుంది. 1856లో విలియం పెర్కిన్ తయారుచేసిన మావ్ కూడా ఈ జాతి రంగే. ఈ యూనిట్‌లో ఎక్కువ షేడ్లు మూడు రంగుల కలయికతో వస్తాయి: బేసిక్ ఎల్లో 28, బేసిక్ రెడ్ 46, బేసిక్ బ్లూ 41. అసిటిక్ ఆమ్లంతో పీహెచ్ 4, 5 మధ్య ఉంచి, మరిగే వేడి దగ్గరదాకా తీసుకెళ్లి అద్దుతారు. అక్రిలిక్ పోగులో రుణావేశ స్థానాలుంటాయి కాబట్టి రంగు దాదాపుగా అంతా నూలులోకే పోతుంది. మిగిలేది కొంచెమే. కానీ ఆ కొంచెమే కళ్లకు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, ఎందుకంటే ఈ రంగులు లీటరుకు 1 మిల్లీగ్రాము ఉన్నా నీళ్లు రంగు తేలతాయి. చేపలకు, నాచుకు ఎక్కువ హాని చేసే రంగుల్లో బేసిక్ రంగులు ముందువరుసలో ఉంటాయన్నది కూడా మరిచిపోకూడదు.

పత్తి సంగతి పూర్తిగా వేరు. అక్కడ వాడేది రియాక్టివ్ రంగులు. వీటి అణువులకు సల్ఫోనేట్ సమూహాలు ఉంటాయి, అంటే రుణావేశం. రంగు నూలువైపు నడవడానికి లీటరుకు 40 నుంచి 100 గ్రాముల దాకా ఉప్పు వేస్తారు. ఆ తర్వాత సోడా యాష్ వేసి పీహెచ్‌ను 11 దగ్గరికి తెస్తారు. రంగును, పద్ధతిని బట్టి 10 నుంచి 40 శాతం రంగు నూలుతో కాకుండా నీటితోనే చర్య జరిపి పనికిరాకుండా పోతుంది. అదంతా కడుగునీళ్లతో డ్రైన్‌లోకే.

ఇప్పుడు మట్టి వైపు చూద్దాం. బెంటోనైట్‌లో అసలు పని చేసే ఖనిజం మాంట్‌మోరిల్లోనైట్. దాని ఒక్కో పొర మందం దాదాపు ఒక నానోమీటరు. రెండు సిలికా పలకల మధ్య ఒక అల్యూమినా పలక ఉంటుంది. ఆ మధ్య పలకలో అక్కడక్కడా అల్యూమినియం ఉండాల్సిన చోట మెగ్నీషియం చేరుతుంది. మూడు ధనావేశాలుండాల్సిన చోట రెండే ఉండటంతో పొర మొత్తానికి రుణావేశం మిగిలిపోతుంది. మట్టి పుట్టినప్పుడే వచ్చిన ఆవేశం ఇది, నీళ్ల పీహెచ్ మారినా పోదు. దాన్ని సరితూచడానికి పొరల మధ్య సోడియం, కాల్షియం అయాన్లు చేరి ఉంటాయి. బేసిక్ రంగు వచ్చి ఆ సోడియాన్ని బయటికి నెట్టి దాని చోట కూర్చుంటుంది. ఇలా మార్చుకోగల సామర్థ్యం మాంట్‌మోరిల్లోనైట్‌కు 100 గ్రాములకు సాధారణంగా 80 నుంచి 120 మిల్లీఈక్వివలెంట్లు (ఆవేశాన్ని లెక్కపెట్టే కొలత) ఉంటే, చైనా క్లేలో ఉండే కయోలినైట్‌కు 3 నుంచి 15 మాత్రమే. అందుకే ‘ఏ మట్టైనా మట్టే కదా’ అని చైనా క్లే తెచ్చి వేస్తే పని జరగదు.

రుణావేశంతో ఉన్న రియాక్టివ్ రంగును అదే రుణావేశంతో ఉన్న మట్టి దగ్గరికి రానివ్వదు. మట్టి పలకల అంచుల్లో మాత్రం ఆమ్ల నీళ్లలో కొంత ధనావేశం పుడుతుంది, అక్కడ కాస్త రంగు పట్టవచ్చు. పీహెచ్ 11 దగ్గర అంచులు కూడా రుణావేశమే.

మరి రెండు నీళ్లూ కలిస్తే? ధనావేశ రంగు, రుణావేశ రంగు ఒకదాన్నొకటి పట్టుకుని జిగురులాంటి ముద్దలవుతాయి. రంగు కొంత తగ్గినట్టు కనిపిస్తుంది. కానీ ఆ జిగురు పైపుల లోపల, ట్యాంకు గోడలకు పట్టి, తర్వాతి బ్యాచ్‌లో ఏదైనా డిటర్జెంట్ నీళ్లు రాగానే ఊడి బయటికొస్తుంది. ఈ యూనిట్‌లో ఏ షేడూ నడవని రోజున కూడా నీళ్లు రంగుగా రావడానికి కారణం ఇదే. కాబట్టి నా మొదటి సిఫార్సులో మట్టి మాటే లేదు. అక్రిలిక్ విభాగానికి విడిగా డ్రైన్ వేయమన్నాను. అది వాళ్లకు నచ్చలేదు. నేల తవ్వాలి, పైపు వేయాలి, కొన్నాళ్లు పని ఆపాలి. అయినా ఈ ఒక్క విషయంలో వెనక్కి తగ్గకూడదని నా ఉద్దేశం. కలిపేసిన నీళ్లకు సరైన మట్టి అంటూ ఏదీ లేదు.

బీకర్ల దగ్గర

డ్రైన్ పని నడుస్తుండగా, అక్రిలిక్ యంత్రం కిందే నీళ్లు పట్టి పరీక్షలు మొదలుపెట్టాం.

ముందు మట్టి. సంచి మీద బెంటోనైట్ అని రాసి ఉన్నంత మాత్రాన సరిపోదు. సోడియం బెంటోనైట్ నీళ్లలో బాగా ఉబ్బుతుంది, కాల్షియం బెంటోనైట్ తక్కువ ఉబ్బుతుంది. 2 గ్రాముల పొడిని 100 మిల్లీలీటర్ల కొలజాడీలో నీళ్ల మీద కొద్దికొద్దిగా చల్లి ఒక రాత్రి వదిలేస్తే, మంచి సోడియం రకం 24 మిల్లీలీటర్లు దాటి ఉబ్బుతుంది. తర్వాత మిథిలీన్ బ్లూ పరీక్ష. మట్టి కలిపిన నీళ్లలో ఆ రంగును కొంచెం కొంచెంగా వేస్తూ, ప్రతిసారీ ఒక చుక్క తీసి ఫిల్టర్ పేపర్ మీద పెడతాం. మొదట్లో మధ్యలో ముదురు నీలం మచ్చ, చుట్టూ రంగులేని తడి మాత్రమే. మట్టి కడుపు నిండిన క్షణాన ఆ మచ్చ చుట్టూ లేత నీలం వలయం పాకుతుంది. రెండు నిమిషాలు ఆగి మళ్లీ చుక్క పెట్టినా వలయం అలాగే ఉంటే లెక్క ముగిసినట్టు. పేపర్ ముక్క, సిరంజి ఉంటే చాలు, మట్టి లారీ గేటు దగ్గర ఉండగానే చేసి చూసుకోవచ్చు. కొనుగోలు విభాగానికి ఈ పరీక్ష నేర్పడం ఈ కేస్‌లో మేం చేసిన మంచి పనుల్లో ఒకటి.

మాకొచ్చిన మట్టి గ్రాముకు సుమారు 0.8 మిల్లీఈక్వివలెంట్ల రకం. మిథిలీన్ బ్లూ అణుభారం 320 దగ్గర. రెండూ గుణిస్తే గ్రాము మట్టి 256 మిల్లీగ్రాముల రంగును పట్టుకోవాలి. కాగితం మీద చూస్తే చాలా బాగున్న లెక్క. యూనిట్‌వాళ్ల డోస్ అంచనా కూడా దీని మీదే ఆధారపడి ఉంది.

నిజం నీళ్లతో జార్ టెస్ట్ పెట్టాం. ఆరు బీకర్లు, ఎడమ నుంచి కుడికి మట్టి పెరుగుతూ పోతుంది. ఈ వరసను చూడటం వస్తే సగం పని అయిపోయినట్టే, అందుకే కొంచెం వివరంగా చెప్తాను. ఎడమవైపు, మట్టి తక్కువైన బీకర్లలో నీళ్లు చిక్కటి రంగుతో, మబ్బుగా ఉంటాయి. అక్కడ రంగు ఎక్కువైపోయి మట్టి రేణువులకే ధనావేశం వచ్చేస్తుంది. రేణువులు ఒకదాన్నొకటి తోసుకుంటూ నీళ్లలోనే తేలుతుంటాయి. మధ్యలో ఒకటి రెండు బీకర్లలో మాత్రం కలపడం ఆపగానే పాలు విరిగినట్టు పెద్ద పెద్ద తునకలు కట్టి, చకచకా కిందికి దిగి, పైన తేట నీళ్లు మిగులుతాయి. రేణువుల ఆవేశం సున్నాకు దగ్గరైన చోటు అదే. కుడి చివరికి పోతే రంగు పూర్తిగా పోతుంది కానీ నీళ్లు బూడిదరంగు మబ్బుగా ఉండిపోతాయి. అక్కడ మట్టి ఎక్కువై మళ్లీ రుణావేశానికి వచ్చేసింది. అంటే ఎడమ చివరి మబ్బుకు కారణం తక్కువ మట్టి, కుడి చివరి మబ్బుకు కారణం ఎక్కువ మట్టి. ఆపరేటర్ ఈ రెండింటికీ తేడా తెలుసుకోకపోతే, మట్టి ఎక్కువై వచ్చిన మబ్బును చూసి కూడా ఇంకా మట్టి గుమ్మరిస్తూనే ఉంటాడు.

రంగును కొలవడంలో మూడు జాగ్రత్తలు తీసుకున్నాం. మొదటిది, సెల్యులోజ్ ఫిల్టర్ పేపర్‌తో వడకట్టలేదు. బేసిక్ రంగును ఆ పేపరే పీల్చేసుకుంటుంది, శుద్ధి బాగా జరిగిందని మీటర్ అబద్ధం చెప్తుంది. సెంట్రిఫ్యూజ్ చేసి పైనీళ్లే కొలిచాం. రెండోది, సన్నటి మట్టి రేణువు ఒక్కటి మిగలకుండా చూసుకున్నాం. మట్టి మీద చేరిన రంగు అణువులు గుంపు కడితే రంగే మారిపోతుంది. మిథిలీన్ బ్లూ విషయంలో నీళ్లలో 664 నానోమీటర్ల దగ్గర ఉండే శిఖరం (రంగు కాంతిని ఎక్కువగా పీల్చుకునే చోటు) మట్టి మీద 570 నుంచి 610 వైపు జరిగి, నీలం కాస్తా ఊదాగా కనిపిస్తుంది. రేణువులు తేలుతున్న నీళ్లను ఒకే తరంగదైర్ఘ్యం దగ్గర కొలిస్తే ఆ అంకెకు అర్థం ఉండదు. మూడోది, ఎప్పుడూ 436, 525, 620 నానోమీటర్ల దగ్గర, మూడు చోట్లా కొలిచాం. నీటి రంగు కొలతకు అంతర్జాతీయ ప్రమాణంలో ఉన్న తరంగదైర్ఘ్యాలే ఇవి. ఈ యూనిట్ వాడే పసుపు, ఎరుపు, నీలం రంగుల శిఖరాలు కూడా దాదాపు అక్కడే ఉండటంతో ఏ రంగు మిగిలిందో విడిగా తెలిసిపోయింది.

లెక్క ఎక్కడ తప్పిందంటే

కాగితం లెక్క ప్రకారం సరిపోవాల్సిన మట్టి నిజం నీళ్లకు ఏ మూలకూ రాలేదు. రెండింతలు, కొన్ని బ్యాచ్‌లకు మూడింతలు వేస్తే గానీ పాలు విరిగినట్టు తునకలు కట్టే ఆ చోటు కనిపించలేదు. ఇందులో తలనొప్పి పుట్టించింది ఇంకొకటి. లేత గులాబీ, లేత ఆకాశనీలం లాంటి షేడ్ల నీళ్లకు రంగు తక్కువ, అయినా మట్టి ఎక్కువ కావాల్సి వచ్చింది. ముదురు నేవీ నీళ్లకు రంగుతో పోల్చి చూస్తే తక్కువ మట్టే సరిపోయింది.

ఉప్పు వల్లనేమో అన్నారు అక్కడి కెమిస్ట్. పరీక్షించి చూస్తే కాదు. బేసిక్ రంగులకు మట్టి మీద పట్టు చాలా ఎక్కువ, మామూలు సోడియం పోటీకి వచ్చి వాటిని కదిలించలేదు. జవాబు డైయింగ్ మాస్టర్ దగ్గర దొరికింది.

“మాస్టర్ గారూ, రంగు ఒక్కసారిగా పట్టకుండా ఏం వేస్తారు?”

“రిటార్డర్ వేస్తామండీ. లేకపోతే ఒకచోట ముదురు, ఒకచోట లేత వచ్చి నూలంతా పాడవుతుంది.”

“అన్ని షేడ్లకూ ఒకే కొలతా?”

“లేదండీ. లేత షేడ్‌కే ఎక్కువ. నేవీ, బ్లాక్ లాంటివాటికి తక్కువే, ఒక్కోసారి అసలు వెయ్యం.”

విషయం అర్థమైంది. అక్రిలిక్‌కు వాడే రిటార్డర్ చాలావరకు క్వాటర్నరీ అమ్మోనియం సమ్మేళనం. అంటే రంగులాగే ధనావేశం ఉన్నదే, కాకపోతే రంగు లేనిది. నూలులోని స్థానాల కోసం రంగుతో పోటీపడి, రంగు నెమ్మదిగా పట్టేలా చూడటమే దాని పని. అద్దకం అయ్యాక మిగిలిన రిటార్డర్ డ్రైన్‌లోకి వచ్చి, మట్టి మీద కూడా అదే పోటీ పెడుతుంది. దానికి మట్టి మీద పట్టు కూడా బలమైనదే. మనం వేసిన మట్టిలో సగానికి పైగా కంటికి కనిపించని రసాయనాన్ని పట్టుకోవడానికే ఖర్చవుతోంది. శుద్ధమైన మిథిలీన్ బ్లూతో ప్రయోగశాలలో చేసిన లెక్కలో ఇది ఎలా కనిపిస్తుంది?

అప్పుడు యాజమాన్యం నుంచి వచ్చిన సూచన సహజమైనదే: రంగు మాత్రమే పోయేలా, రిటార్డర్‌ను వదిలేసేలా డోస్ తగ్గించే మార్గం చూడమన్నారు. నేను వద్దన్నాను. క్వాటర్నరీ సమ్మేళనాలు సూక్ష్మజీవులను చంపుతాయి, క్రిమిసంహారకాలుగా వాడేవి కూడా ఈ కుటుంబం నుంచే వస్తాయి. బ్యాక్టీరియా ట్యాంకు నిలకడ లేకపోవడానికి నా అనుమానం మొదటినుంచీ దీనిమీదే. షిఫ్టు రికార్డులు తీసి చూస్తే, లేత షేడ్లు వరసగా నడిచిన వారాల తర్వాతే ట్యాంకు దెబ్బతిన్నట్టు కనిపించింది. మట్టి దండగ అవుతోందని వాళ్లు అనుకున్నది, నిజానికి ట్యాంకును కాపాడే పని. రంగు కోసమే మట్టి వేస్తున్నామనుకుంటే లేత షేడ్ల నీళ్లను ఎవరైనా వదిలేస్తారు. ఎక్కువ హాని చేసేవి ఆ నీళ్లే.

పత్తి నీళ్లకు చేసి చూసినవి

యాజమాన్యం ఆశ వదులుకోలేదు, పత్తి నీళ్లకూ మట్టితోనే ఏదైనా చేయమన్నారు. నాకూ చూడాలనే ఉంది, చూశాం.

బెంటోనైట్‌కు ముందే హెక్సాడెసిల్ ట్రైమిథైల్ అమ్మోనియం లాంటి ధనావేశ సర్ఫాక్టెంట్‌ను (సబ్బులా నురగనిచ్చే రసాయనాన్ని) పట్టించి ఆవేశాన్ని తలకిందులు చేయొచ్చు. దాన్ని ఆర్గానోక్లే అంటారు. మట్టి సామర్థ్యం కంటే ఎక్కువ సర్ఫాక్టెంట్ పట్టిస్తే పైపొర ధనావేశంతో ఉంటుంది, రియాక్టివ్ రంగును పట్టుకుంటుంది. బీకరులో రంగు నిజంగానే పోయింది. కానీ బీకరు ఊపితే నురగ. పట్టించిన సర్ఫాక్టెంట్‌లో కొంత నీళ్లలోకి ఊడిపోతోందన్నమాట. రిటార్డర్‌ను ఆపడానికి అంత తంటాలు పడి, అదే జాతి రసాయనాన్ని ఇటువైపు నుంచి మనమే కలపడం నాకు సమ్మతం కాలేదు. అక్కడితో ఆపేశాం.

రెండోది హైడ్రోటాల్సైట్ జాతి. ఇది బెంటోనైట్‌కు సరిగ్గా ఎదురు స్వభావం. మెగ్నీషియం, అల్యూమినియం హైడ్రాక్సైడ్ పొరలు ధనావేశంతో, మధ్యలో రుణ అయాన్లు. దీన్ని 450 నుంచి 500 డిగ్రీల దగ్గర కాలిస్తే పొరలు చెదిరిపోతాయి. మళ్లీ నీళ్లలో వేస్తే ఆ నీళ్లలోని రుణ అయాన్లను లోపలికి లాక్కుంటూ పొరలు తిరిగి కట్టుకుంటాయి. రంగు ఒక్కటే ఉన్న నీళ్లలో అద్భుతంగా పనిచేసింది. యూనిట్ నీళ్లలో ఓడిపోయింది. ఎందుకంటే ఈ పొరలకు అన్నిటికంటే ఇష్టమైన అయాన్ కార్బోనేట్, రియాక్టివ్ అద్దకంలో వాడే సోడా యాష్ అంటే సోడియం కార్బోనేటే. రంగుకన్నా ముందు కార్బోనేట్ వెళ్లి చోటంతా ఆక్రమించింది. ఆమ్లం వేసి కార్బోనేట్‌ను వెళ్లగొట్టి ఆ తర్వాత మట్టి వేయొచ్చు. కానీ ఆ పీహెచ్‌లో ఈ ఖనిజమే కరగడం మొదలవుతుంది, పైగా ఉప్పు భారం అలాగే ఉంటుంది.

పత్తి నీళ్లకు మట్టి వద్దని రాసిచ్చాను. ముందు గాలి లేని ట్యాంకు, తర్వాత గాలి ఉన్న ట్యాంకు అనే వరసకే వాటిని పంపాం. గాలి లేని చోట రంగు అణువులోని అజో బంధం (రెండు నైట్రోజన్ల మధ్య బంధం) తెగి రంగు పోతుంది, కానీ ఆరోమాటిక్ అమైన్లు అనే హానికర రసాయనాలు పుడతాయి. వాటిని విరగ్గొట్టడానికి రెండో ట్యాంకు తప్పనిసరి. మొదటి ట్యాంకు దగ్గరే రంగు పోయింది కదా అని ఆగిపోతే, కనిపించే సమస్యను కనిపించని సమస్యగా మార్చినట్టే.

ప్లాంటులో

అక్రిలిక్ డ్రైన్ విడిపోయాక మిగతాది ఇబ్బంది లేకుండా నడిచింది. యంత్రం నుంచి వచ్చే వేడి నీళ్లు ముందు ఒక పెద్ద నిల్వ ట్యాంకులో చల్లారతాయి, పీహెచ్ కూడా సర్దుకుంటుంది. వేడి నీళ్లను నేరుగా సెటిలింగ్ ట్యాంకుకు పంపితే లోపల ప్రవాహాలు పుట్టి కిందికి దిగిన మట్టిని మళ్లీ లేపుతాయి. బెంటోనైట్‌ను పొడిగా చల్లడం నిషేధం. పొడిగా పడితే పైన జిగట పొర కట్టి, లోపల పొడి పొడిగానే ఉండిపోతుంది. ముందురోజే మంచి నీళ్లలో 4 శాతం స్లర్రీగా నానబెడతారు. స్లర్రీకి పత్తి విభాగం ఉప్పునీళ్లు వాడకూడదని గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాం, ఎందుకంటే ఉప్పు నీళ్లలో మట్టి పొరలు విచ్చుకోవు.

రంగు పట్టుకోవడం త్వరగా జరుగుతుంది, చాలావరకు మొదటి పది పదిహేను నిమిషాల్లోనే. అయినా అరగంట కలిపేలా ట్యాంకు పెట్టాం. తర్వాత లీటరుకు మిల్లీగ్రాము స్థాయిలో రుణావేశ పాలీయాక్రిలమైడ్ అనే పాలీమర్ వేసి నెమ్మదిగా తిప్పితే తునకలు పెద్దవవుతాయి. ధనావేశ పాలీమర్ వేయకూడదు, అది కూడా మట్టి మీద చోటు కోసం పోటీకి దిగుతుంది.

డోస్ లీటరుకు అర గ్రాముకు అటూ ఇటూ కుదిరింది. దాన్ని ఒక అంకెగా స్థిరపరచడానికి మాత్రం నేను ఒప్పుకోలేదు. డైయింగ్ మాస్టర్ బ్యాచ్ కార్డు మీద షేడుతో పాటు రిటార్డర్ ఎంత వేశారో రాస్తారు. డ్రైన్ తెరవకముందే ఆ కార్డు కాపీ శుద్ధి ప్లాంటుకు వస్తుంది. ఆపరేటర్ దాన్ని చూసి ఒక అంచనా వేసుకుని, మూడు బీకర్లతో సరిచూసుకుని వాల్వు తెరుస్తాడు. ఇంత చిన్న మార్పుకే డోస్ ఒడుదుడుకులు చాలావరకు తగ్గాయి. మూడు తరంగదైర్ఘ్యాల దగ్గరా రంగు కంటికి కనిపించని స్థాయికి దిగింది. అసిటిక్ ఆమ్లం వల్ల వచ్చే సీఓడీ (నీళ్లలోని కాలుష్యాన్ని రసాయనికంగా ఆక్సీకరించడానికి కావాల్సిన ఆక్సిజన్ కొలత) మాత్రం దాదాపు అలాగే ఉంది. అసిటేట్ రుణావేశం ఉన్న చిన్న అయాన్, మట్టి దాన్ని ముట్టుకోదు. దాన్ని తినే పని బ్యాక్టీరియాదే. ఇప్పుడు విషం లేని నీళ్లు వస్తున్నాయి కాబట్టి ఆ ట్యాంకు నిలకడగా ఆ పని చేస్తోంది. తేట నీళ్లను చూసి శుద్ధి పూర్తయిందనుకునే తొందర చాలామందికి ఉంటుంది, అందుకే సీఓడీ అంకెను రంగు అంకె పక్కనే రాయిస్తున్నాం.

స్లడ్జ్

మట్టి వాడకంలో అందరూ చివరికి వదిలేసే భాగం ఇది. నేను మొదట్లోనే లెక్క వేస్తాను. లీటరుకు 0.6 గ్రాముల మట్టి అంటే ఘనమీటరుకు 0.6 కిలోలు. స్లడ్జ్‌ను గుడ్డల మధ్య పిండే ఫిల్టర్ ప్రెస్ నుంచి వచ్చే ముద్దలో, అంటే కేక్‌లో, 30 శాతం ఘనపదార్థం ఉంటే అది 2 కిలోల తడి కేక్. రోజుకు 100 ఘనమీటర్లయితే 200 కిలోలు. ఇది ఎక్కడికి పోతుందో తెలియకుండా మట్టి మొదలుపెట్టకూడదు.

ప్రెస్ విషయంలో ఒక మంచి జరుగుతుంది. రంగు, రిటార్డర్ నిండిన మట్టికి నీళ్ల మీద మోజు తగ్గుతుంది, కేక్ గట్టిగా వస్తుంది. వాడకుండా మిగిలిపోయిన మట్టి మాత్రం నీళ్లు పట్టుకుని జెల్లీలా మారి ప్రెస్ గుడ్డను మూసేస్తుంది. కాబట్టి డోస్ ఎక్కువైతే నష్టం మట్టి ఖర్చుతో ఆగదు, ప్రెస్ దగ్గర రాత్రంతా కూర్చునే మనిషికి తెలుస్తుంది అసలు బాధ.

కేక్ నుంచి రంగు మళ్లీ ఊడుతుందా అన్నది అందరూ అడిగే ప్రశ్న. పలచని అసిటిక్ ఆమ్ల ద్రావణంలో, కేక్ బరువుకు 20 రెట్లు తీసుకుని, 18 గంటలు తిప్పి చూశాం. నీళ్లకు రంగు దిగలేదు. మామూలు ఉప్పునీళ్లకూ దిగలేదు. గాఢమైన రిటార్డర్ ద్రావణం తగిలిస్తే మాత్రం కొంత ఊడింది, కాబట్టి కేక్ గుట్టను ఆ డ్రమ్ములకు దూరంగా, పైకప్పు కింద పెట్టించాం. రంగును మట్టి ఎంతకాలం కాపాడగలదో చూడాలంటే మాయా నాగరికత నీలాన్ని చూడాలి. పాలీగోర్‌స్కైట్ అనే మట్టిలో నీలిమందును వేడితో ఇమిడ్చి చేసిన ఆ రంగు వెయ్యేళ్లు దాటినా గోడల మీద నిలిచే ఉంది. ఆమ్లానికి కూడా లొంగదు. అక్కడి మట్టి, రంగు, పద్ధతి వేరు, మన కేక్‌కు అంత భరోసా ఇవ్వలేను. అయినా మట్టి, రంగు కలిస్తే ఆ పట్టు ఎంత దూరం వెళ్లగలదో అది చూపిస్తుంది.

కొన్ని బేసిక్ రంగులను జింక్ క్లోరైడ్‌తో కలిసిన లవణంగా అమ్ముతారు. ఆ జింక్ కూడా మట్టిలోకే చేరుతుంది. రంగు సరఫరాదారు దగ్గర సాంకేతిక వివరాలు తెప్పించుకుని, కేక్‌లో జింక్ కూడా కొలిపించాం. కేక్‌ను కాల్చి మట్టిని మళ్లీ వాడుకోవచ్చా అని యాజమాన్యం అడిగింది. 500 డిగ్రీల దగ్గర రంగు కాలిపోతుంది, కానీ దాంతోపాటు పొరలు దగ్గరికి ముడుచుకుపోయి మళ్లీ విచ్చుకోవడం కష్టం. ఇంకా వేడి పెంచితే, 600 నుంచి 700 డిగ్రీల మధ్య పొరల్లోని హైడ్రాక్సిల్ పోయి మట్టి స్వభావమే మారిపోతుంది. ఇంధనం తగలేసి సామర్థ్యం పోయిన మట్టిని తెచ్చుకోవడం నాకు అర్థం లేని పనిగా తోచింది. ప్రస్తుతానికి కేక్‌ను ప్రమాదకర వ్యర్థాల కింద లెక్కగట్టి, అనుమతి ఉన్న చోటికే పంపుతున్నారు. 900 డిగ్రీలు దాటే ఇటుక బట్టీలో కొద్ది పాళ్లలో కలపొచ్చు కానీ, బట్టీ పొగలోకి ఏం వెళ్తుందో కొలిచే ఏర్పాటు లేకుండా ఆ దారికి నేను సంతకం పెట్టలేదు.

ఇప్పుడు మిగిలిన పని సాఫ్ట్‌నర్ నీళ్లది. అద్దకం అయ్యాక అక్రిలిక్ నూలు మెత్తగా రావడానికి వేసే సాఫ్ట్‌నర్ కూడా ధనావేశంతోనే ఉంటుంది. ఆ తొట్టి ఒక్కసారిగా డ్రైన్‌లోకి వదిలితే నిల్వ ట్యాంకులో ఉన్న మొత్తం నీళ్ల డోస్ తలకిందులవుతుంది. మాస్టర్ గారు ఆ తొట్టిని పారబోయకుండా సరిచేసి తర్వాతి బ్యాచ్‌కు వాడి చూస్తున్నారు. లేత షేడ్లకు అది కుదురుతోంది. ముదురు షేడ్ల తర్వాత తొట్టిలోకి రంగు దిగుతోంది కాబట్టి వాటికి ఇంకా దారి చూడాలి.